పాతకాలపు చిన్న గిటార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్టేట్ సేల్‌లో, అంటే ఇంటి పాత సామాను అమ్మేచోట, కనిపించిన గిటారు ఫొటో ఒకటి పంపించి "అన్నా, ఇది కొనొచ్చా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కొందరు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు స్థిరపడ్డ తెలుగువాళ్లు. కొందరు హైదరాబాదులోనో వైజాగులోనో ఉండి, అమెరికాలో ఉన్న తమ్ముడి చేత తెప్పించుకుందామనుకునేవాళ్లు. ఎవరు అడిగినా సందేహాలు మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఇందులో చెప్పేదంతా ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు అమెరికాలో తయారైన చిన్న బాడీ అకూస్టిక్ గిటార్ల గురించి.

## కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడు

చిన్న గిటారు అంటే ఎంత చిన్నది?

బాడీ కింది భాగంలో అన్నిటికన్నా వెడల్పైన చోట కొలుస్తారు. మార్టిన్ కంపెనీ లెక్కలో 0 సైజు 13½ అంగుళాలు, 00 సైజు 14 అంగుళాల పైచిలుకు, 000 సైజు 15 అంగుళాలు. ఇవాళ షాపుల్లో ఎక్కువగా కనిపించే పెద్ద గిటారు, అంటే డ్రెడ్‌నాట్, 15⅝ అంగుళాలు. గిబ్సన్ అనే ఇంకో కంపెనీ చేసిన ఎల్-00 సుమారు 14¾. అంకెల్లో చూస్తే తేడా పెద్దగా అనిపించదు కానీ, బాడీ లోతు, నడుము సన్నదనం కలిసి ఒళ్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది. సున్నాలు పెరిగితే సైజు పెరుగుతుంది. 1, 2, 3 అని అంకెలున్న ఇంకా పాత మార్టిన్లలో మాత్రం అంకె పెరిగితే సైజు తగ్గుతుంది. ఇంకో తమాషా, ఇవాళ మనం చిన్నదంటున్న 0 సైజును మార్టిన్ వాళ్లు కాన్సర్ట్ సైజు అనేవాళ్లు. 00 అయితే గ్రాండ్ కాన్సర్ట్, 000 ఆడిటోరియం.

చిన్న బాడీ కదా, శబ్దం తక్కువ రాదా?

తక్కువ వచ్చేది బేస్, అంతే. మంచి 1930ల నాటి 00 గిటారు గదిని నింపేస్తుంది. టాప్ (ముందువైపు) చెక్క పలచన, దానికి లోపల దన్నుగా అతికించే బద్దలు తేలిక. అందువల్ల వేలు ఇలా తగలగానే స్వరం అలా బయటికొస్తుంది. పెద్ద గిటారులో మంద్ర తీగల (బేస్) హోరు మిగతా తీగల్ని కమ్మేస్తుంటుంది. ఇందులో ఆరు తీగలూ ఆరు గొంతుల్లా విడివిడిగా వినిపిస్తాయి. వేళ్లతో వాయించేవాళ్లు, స్టూడియోలో మైకు ముందు కూర్చునేవాళ్లు వీటి వెంట పడేది అందుకే. పైగా 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) దగ్గర నెక్ బాడీలో కలిసే పాత నమూనాల్లో బ్రిడ్జి, అంటే తీగల కింది చివర్లు బిగించే చెక్క, బాడీ కింది భాగానికి సరిగ్గా మధ్యలోకి వస్తుంది. టాప్ ఎక్కువగా కదిలేది అక్కడే కాబట్టి స్వరం గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. అయితే గట్టిగా బాదితే ఒక స్థాయి దాటాక నలిగిపోతుంది. ఆ పరిమితి నిజమే.

వీటిని మొదట్లో ఎవరు వాయించేవాళ్లు? తర్వాత ఎందుకు వెనకబడ్డాయి?

ఈ కథ జర్మనీలో మొదలైంది. శాక్సనీ ప్రాంతంలోని మార్క్‌న్యూకిర్షెన్‌లో పుట్టిన సి. ఎఫ్. మార్టిన్ 1833లో న్యూయార్క్ వచ్చి, కొన్నేళ్లకే పెన్సిల్వేనియాలోని నాజరెత్‌కు మారాడు. అప్పటి గిటార్లకు జంతువుల పేగుతో చేసిన తీగలు ఉండేవి. ఇంటి ముందుగదిలో నలుగురి మధ్య వాయించుకునే వాద్యం అది. ఆడవాళ్లు ఎక్కువగా నేర్చుకునేవాళ్లు.

తర్వాత ఉక్కు తీగలొచ్చాయి. మార్టిన్ 1922లో 2-17 మోడల్‌తో (మార్టిన్ పేర్లలో మొదటిది సైజు, రెండోది చెక్క, అలంకారాల రకం) వాటికి తగ్గట్టు గిటార్లు చేయడం మొదలుపెట్టింది. 1920ల్లో డాన్స్ బ్యాండుల్లో బాంజో రాజ్యమేలుతోంది. 1929లో అట్లాంటాకు చెందిన పెర్రీ బెక్టెల్ అనే బాంజో వాద్యకారుడు పొడవైన నెక్ కావాలని అడిగితే, బాడీకి బయట 14 ఫ్రెట్లతో ఓఎమ్, అంటే ఆర్కెస్ట్రా మోడల్, పుట్టింది. 1931 నుంచి డ్రెడ్‌నాట్ మార్టిన్ పేరుతో అమ్మకానికొచ్చింది. గాయకుల వెనక గట్టిగా తాళం వేయడానికి అది అనువుగా ఉండటంతో, చిన్నవి మెల్లగా పక్కకు తప్పుకున్నాయి.

పేరున్నవాళ్లు ఎవరైనా వీటిని వాయించారా?

బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ స్టూడియో ఫొటోలో ఆయన చేతిలో ఉన్నది గిబ్సన్ ఎల్-1. కంట్రీ సంగీతానికి ఆద్యుడనిపించుకున్న జిమ్మీ రాడ్జర్స్‌ది 000-45. దాని వెనక పెద్ద అక్షరాలతో థాంక్స్ అని రాయించుకుని, పాట అయ్యాక తిప్పి చూపించేవాడు. ఫోక్ గాయని జోన్ బేజ్‌ది 1929 నాటి 0-45. ఆవిడ పేరుతో మార్టిన్ 1998లో ఒక మోడల్ తెచ్చింది. ఆ సందర్భంలో అసలు గిటారు లోపల చూస్తే, ఎప్పుడో రిపేరు చేసిన పెద్దమనిషి ఒకాయన ఆవిడ కమ్యూనిస్టు కావడం మీద తన విచారాన్ని చెక్క మీదే రాసి పెట్టాడట! ఎరిక్ క్లాప్టన్ 1992 ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో పట్టుకున్నది 1939 నాటి 000-42. పాత చిన్న గిటార్ల మీద మోజు మళ్లీ రేగడంలో ఆ ఒక్క కార్యక్రమానికి పెద్ద వాటా ఉంది.

నా చేతులు చిన్నవి, నాకు తేలిగ్గా ఉంటుందా?

బాడీ మటుకు హాయిగా ఉంటుంది. కుడి భుజం పైకి లేవదు. నెక్ సంగతి వేరు. 12 ఫ్రెట్ల పాత మార్టిన్లలో నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు తరచుగా 1⅞ అంగుళాలు ఉంటుంది, కొత్త గిటారుకు అలవాటుపడ్డ చేతికి అది వెడల్పే. నెక్ వెనకవైపు వి ఆకారంలో ఉండటం కూడా మామూలే. కొందరికి బొటనవేలు చక్కగా ఆనుతుంది, కొందరికి గుచ్చుకుంటుంది. చేత్తో పట్టుకుని చూడకుండా ఆన్‌లైన్‌లో కొనకండి.

మన సినిమా పాటలకు, స్నేహితుల బ్యాండుకు పనికొస్తుందా?

ఒక్కరే పాడుతూ వాయించుకోవడానికి దీన్ని మించింది లేదు. కీబోర్డు, కహోన్ (పెట్టె డ్రమ్ము), ఇంకో ఇద్దరు గిటారిస్టులు ఉన్నచోట స్ట్రమ్మింగ్ చేస్తే మీది ఎవరికీ వినపడదు. అందుకోసం పాత గిటారుకు రంధ్రం పెట్టి, శబ్దాన్ని స్పీకర్లకు పంపే పికప్ బిగించొద్దు, మామూలు డ్రెడ్‌నాట్ ఇంకోటి కొనుక్కోండి.

## గిటారు చేతికొచ్చి చూస్తున్నప్పుడు

ఇది ఏ సంవత్సరంలో చేసిందో ఎలా తెలుస్తుంది?

మార్టిన్ అయితే సులువు. సౌండ్‌హోల్‌లోంచి లోపల నెక్ మొదలయ్యే దిమ్మ మీద చూస్తే సీరియల్ నంబరు ఉంటుంది. 1898లో 8000 నుంచి నంబర్లు వేయడం మొదలుపెట్టారు. ఏ ఏడాది ఏ నంబరుతో ముగిసిందో కంపెనీయే జాబితా ఇస్తుంది. అంతకు ముందువాటికి నంబరు ఉండదు, స్టాంపు, అలంకారాల తీరు చూసి అంచనా వేయాల్సిందే. 1898కి ముందు స్టాంపులో న్యూయార్క్ అని ఉంటుంది. మొదటి కొన్నేళ్లవి తప్ప గిటారు చేసింది మాత్రం నాజరెత్‌లోనే. కాబట్టి న్యూయార్క్ పేరు చూసి నకిలీ అనుకోకండి.

గిబ్సన్ లోపల ఫ్యాక్టరీ ఆర్డర్ నంబరు స్టాంపు ఉండొచ్చు, చెరిగిపోయీ ఉండొచ్చు. తల మీది లోగో ఎక్కువ సాయం చేస్తుంది. గిబ్సన్ అయితేనే సరి అన్న అర్థం వచ్చే నినాదం రిబ్బను బొమ్మలో ఉంటే అది 1942–45 మధ్యది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లిన ఆ కాలంలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో ఉన్న గిబ్సన్ ఫ్యాక్టరీలో వీటిని చేసినవాళ్లలో చాలామంది ఆడవాళ్లే.

"నెక్ రీసెట్ కావాలి" అంటారు. అదేంటి, ఎలా పసిగట్టాలి?

కొనే ముందు ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడండి. ఆరు ఉక్కు తీగలు కలిపి 70 కిలోల పైచిలుకు బలంతో గిటారును మడతపెట్టాలని చూస్తుంటాయి. ఎనభై, తొంభై ఏళ్లు అలా లాగితే బ్రిడ్జి వెనక టాప్ ఉబ్బుతుంది, నెక్ ముందుకు వాలుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి. వేలు నొక్కలేక ఎవరో ఒకరు శాడిల్‌ను, అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీని, అరగదీస్తారు. అదీ చాలకపోతే బ్రిడ్జినే చెక్కేస్తారు. అసలు చెయ్యాల్సింది ఆవిరి పట్టి నెక్‌ను జాయింటు నుంచి ఊడదీసి, తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టినట్టు దాని మడమ దగ్గర కాస్త చెక్కి, సరైన కోణంలో తిరిగి బిగించడం.

పరీక్ష ఇలా చేయండి. పొడవైన స్టీలు స్కేలును నెక్ పొడవునా ఫ్రెట్ల మీద పెట్టి బ్రిడ్జి వైపు జరపండి. స్కేలు అంచు బ్రిడ్జి పైతలానికి సరిగ్గా తగిలితే కోణం బాగున్నట్టు. బ్రిడ్జి పక్కగోడకు, అంటే పైతలం కన్నా కిందకి తగిలితే రీసెట్ దగ్గరపడింది. స్కేలు లేకపోతే శాడిల్ చూడండి, బ్రిడ్జి పైన కనీసం 3 మిల్లీమీటర్లు కనబడాలి. 12వ ఫ్రెట్ దగ్గర మంద్ర తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. శాడిల్ అరిగిపోయి కూడా తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందంటే రీసెట్ ఖర్చు ధరలోంచి తీసెయ్యమని అడగండి. అమెరికాలో మంచి చేతి పనికి కొన్ని వందల డాలర్లవుతుంది, ఫ్రెట్లు కూడా మారిస్తే వెయ్యి దాటుతుంది.

రీసెట్ జరిగిన గిటారు అంటే భయపడేవాళ్లున్నారు. నేనైతే ముందు అదే వెతుకుతాను. చేయించాల్సిన పెద్ద పని ఎవరో చేయించి పెట్టారు కదా.

సౌండ్‌హోల్‌లోంచి లోపల ఏం చూడాలి?

డెంటిస్టు వాడే చిన్న అద్దం, సన్న టార్చి తీసుకెళ్లండి. తీగలు వదులు చేసి అద్దాన్ని బ్రిడ్జి కిందికి పెడితే ఒక పలచని మేపుల్ లేదా రోజ్‌వుడ్ పలక కనిపిస్తుంది, బ్రిడ్జి ప్లేట్ అంటారు. తీగ చివరి ఇత్తడి గుండ్లు ఆ పలకకు ఆనుకుని ఉండాలి. పాత గిటార్లలో రంధ్రాల అంచులు చిట్లి, గుండ్లు టాప్ చెక్క దాకా దూసుకుపోయి ఉంటాయి. బాగు చేయొచ్చు. అసలు ప్లేటు పీకేసి వెడల్పాటి దిట్టమైన ప్లేటు అతికించి ఉంటే మాత్రం స్వరం మొద్దుబారుతుంది, దాన్ని వెనక్కి తేవడం ఖరీదైన పని. తర్వాత టాప్ మీద వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా జుయ్‌మని చప్పుడొస్తే అక్కడ బద్ద ఊడింది.

పగుళ్లున్నాయి, వదిలెయ్యాలా?

పలచని చెక్క, తొంభై ఏళ్ల వయసు. పగులు లేకపోతేనే ఆశ్చర్యం. లోపల చిన్న చెక్క ముక్కలు అడ్డంగా అతికించి సరిగ్గా మూసిన పగులు స్వరాన్ని ఏమీ చేయదు. మార్టిన్లలో పిక్‌గార్డు అంచు వెంట పగులు చాలా మామూలు. సెల్యులాయిడ్ పిక్‌గార్డును వట్టి చెక్కకే నేరుగా అతికించేవాళ్లు, అది ఏళ్ల తరబడి కుంచించుకుపోతూ చెక్కను చీలుస్తుంది. వదిలెయ్యాల్సినవి వేరే ఉన్నాయి: ఫెవికాల్ లాంటి తెల్ల జిగురో ఎపాక్సీయో పోసి మూసినవి, నెక్ మడమ దగ్గర విరిగినవి, బద్దలు పాడై టాప్ సౌండ్‌హోల్ దగ్గర కుంగినవి.

స్టెల్లా, హార్మొనీ, కలమజూ లాంటి చవక గిటార్లు కొనొచ్చా?

కొనొచ్చు, ఎందుకు కొంటున్నారో తెలిస్తే. స్టెల్లాలు జెర్సీ సిటీలో ఆస్కార్ ష్మిట్ కంపెనీ చేసినవి. 1939లో ఆ పేరును చికాగోలోని హార్మొనీ కొనుక్కుంది. కలమజూ పేరుతో వచ్చినవి ఆర్థిక మాంద్యం కాలంలో గిబ్సన్ చేసిన చవక రకం. వీటిలో ఎక్కువవాటికి టాప్ కింద బద్దలు ఎక్స్ ఆకారంలో ఉండవు, నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. స్వరం ఎక్కువసేపు మోగదు. టక్కుమని కొట్టినట్టు, కాస్త గరగరగా వస్తుంది. పాత బ్లూస్ రికార్డుల్లో వినిపించే ధ్వనిలో పెద్ద భాగం అదే. కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. రీసెట్ ఖర్చు గిటారు ధర కన్నా ఎక్కువైపోవడం వీటితో ఉన్న చిక్కు. వాయించే స్థితిలో ఉన్నదే తీసుకోండి.

ఇంట్లో మావయ్య కొన్న పాత గివ్‌సన్ ఉంది. అది గిబ్సనేనా?

కాదు. గివ్‌సన్ కోల్‌కతా కంపెనీ. అమెరికా గిబ్సన్‌తో సంబంధం లేదు. మన దగ్గర ఎంతోమంది మొదటి కార్డులు పట్టింది దాని మీదే, మావయ్య జ్ఞాపకంగా సెటప్ చేయించి వాయించుకోండి. కలెక్టర్ల మార్కెట్టు మాత్రం దానికి లేదు.

## డబ్బు చెల్లించే ముందు

ఒకే మోడల్, ఒకే ఏడాది. ఒకదాని ధర ఇంకోదానికి రెట్టింపు ఎందుకు?

కలెక్టరుకు కావాల్సింది వేరు, వాయించేవాడికి కావాల్సింది వేరు. కలెక్టరు చూసేది అసలు పూత, అసలు బ్రిడ్జి, అసలు కీలు (తీగలు శ్రుతి చేసే మరలు), అసలు కేసు. ఎప్పుడో ఒకరు మోజుపడి కొత్త పాలిష్ వేయించి ఉంటే ధర చాలాసార్లు సగానికి పడిపోతుంది. పేరున్న చేతుల్లో ఉన్నదైతే లెక్కే మారిపోతుంది. క్లాప్టన్ 000-42ను 2004లో క్రిస్టీస్ వేలంలో 7,91,500 డాలర్లకు కొన్నారు.

నా మాట అడిగితే, వాయించడానికైతే కీలు మారిన, పాలిష్ మారిన, పగుళ్లు అతికిన, నెక్ కోణం బాగున్న గిటారు వెతకండి. ప్లేయర్ గ్రేడ్ అంటారు. అందం తగ్గినందుకు ధర తగ్గింది, చెక్క మాత్రం అదే చెక్క. పూత పలచగా వేసి ఉందో లేదో చూసుకోండి చాలు. అద్దంలా మెరిసే మందపాటి పూత ఉంటే వద్దు.

1945కు ముందువే కావాలని ఎందుకంటారు?

కొంత మోజు, కొంత కారణం. మార్టిన్ 1944 చివరి దాకా టాప్ కింది బద్దలను మధ్యలో లోతుగా చెక్కి తేలిక చేసేది. జనం బరువైన తీగలు వేసి టాప్‌లు ఉబ్బించేస్తుంటే, ఆ తర్వాత చెక్కడం మానేసింది. అదే రోజుల్లో టాప్‌కు వాడే అడిరాండాక్ స్ప్రూస్ కలప కరువై సిట్కా స్ప్రూస్‌కు మారింది. వెనక, పక్కలకు వాడే బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1969 దాకా నడిచింది. అది దొరకడం కష్టమయ్యాక మన దక్షిణాది అడవుల జిట్రేగి, అదే ఇండియన్ రోజ్‌వుడ్, మార్టిన్ గిటార్లలోకి వచ్చింది. అయితే 1950ల నాటి 00-18 చెడ్డదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మహాగని వెనకపలకతో శుభ్రంగా మోగే గిటారు, ధర కూడా అందుబాటుకు కాస్త దగ్గర.

ఇదే నమూనాలో కొత్తది కొంటే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. ఆస్టిన్‌లోని కాలింగ్స్ కంపెనీ 2014 నుంచి వాటర్లూ పేరుతో పాత కలమజూ నమూనాలో చేస్తోంది, మార్టిన్, గిబ్సన్ కూడా పాత మోడళ్లు తిరిగి తెస్తున్నాయి. వారంటీ ఉంటుంది, ట్రస్ రాడ్ ఉంటుంది. పాత మార్టిన్లలో నెక్‌ను సరిచేసే ట్రస్ రాడ్ లేదు, 1985లో గానీ రాలేదు. న్యూజెర్సీలో ఉంటే ఒకసారి నాజరెత్ వెళ్లి మార్టిన్ మ్యూజియం చూసి, పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటో తేల్చుకుని కొనండి.

ఇండియాకు తీసుకెళ్లొచ్చా?

మహాగని చెక్కతో అడవుల చట్టానికి పేచీ లేదు, కానీ మహాగని గిటార్లలోనూ బ్రిడ్జి, ఫ్రెట్ల పలక లాంటివి బ్రెజిల్ రోజ్‌వుడ్‌వి కావొచ్చు. కస్టమ్స్ వాళ్లకు చూపించడానికి బిల్లు దగ్గరుంచుకోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంటే జాగ్రత్త. ఆ చెట్టు 1992 నుంచి, అంతరించిపోయే జంతువులు, చెట్ల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, అంటే గిటారు సరిహద్దు దాటాలంటే అది అంతకు ముందుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ కావాలి. మిగతా రోజ్‌వుడ్‌లతో చేసిన వాద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది గానీ దీనికి రాలేదు. పాత మార్టిన్లలో బ్రిడ్జి, నట్, శాడిల్ ఏనుగు దంతంవి కావొచ్చు. వాటిని ఇండియాకు తేవొద్దు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలోనూ దంతం అమ్మకాల మీద 2014 నుంచి కఠిన చట్టాలున్నాయి.

## ఇంటికి వచ్చాక

ఏ తీగలు వేయాలి?

ఉక్కు తీగల కోసం చేసిన గిటారుకు ఎక్స్‌ట్రా లైట్ లేదా లైట్, అంటే సన్న తీగ మందం .010 నుంచి .012 అంగుళాల లోపు. పట్టు దారం కలిసిన సిల్క్ అండ్ స్టీల్ ఇంకా మెత్తన. మీడియం గేజ్ జోలికి పోవద్దు. 1800ల నాటి గిటారుకు ఉక్కు తీగలు అసలే వద్దు, బ్రిడ్జి లేచిపోతుంది. నైలాన్ వేయండి.

హైదరాబాదు ఎండ, వైజాగు ఉక్కపోత తట్టుకుంటుందా?

వేడి కన్నా తేమలో హెచ్చుతగ్గులే గిటారుకు శత్రువు. 45 నుంచి 55 శాతం తేమలో అది సుఖంగా ఉంటుంది. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల పొడిగాలికి చెక్క కుంచించుకుని నిలువునా చీలుతుంది. ఏసీ గది ఇంకా పొడి. తీరంలో వానాకాలం దీనికి పూర్తిగా వ్యతిరేకం. టాప్ ఉబ్బి తీగలు లేస్తాయి, అప్పట్లో వాడిన జంతు చర్మపు జిగురు తేమకూ వేడికీ కలిపి పట్టు వదులుతుంది. అమెరికా చలికాలంలో హీటర్ వేసిన ఇల్లు కూడా ఎడారే. గట్టి కేసు, అందులో ఒక తేమ కొలిచే మీటరు, తేమను రెండువైపులా సర్దే ప్యాకెట్లు పెట్టుకోండి. గోడకు వేలాడదీయొద్దు. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలు కూడా వదలొద్దు.

ఎవరూ ముట్టుకోకుండా దాచిపెడితే మంచిదా?

వాయించండి. దాచిన గిటారులో ఊడిన బద్ద ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. ఇతరుల చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం చూసుకోండి. 2015లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా షూటింగులో, మ్యూజియం నుంచి అరువు తెచ్చిన 1870ల నాటి మార్టిన్‌ను నకలు అనుకుని నటుడు నేలకేసి కొట్టాడు. ఆ తర్వాత మార్టిన్ మ్యూజియం సినిమాలకు గిటార్లు అరువివ్వడం మానేసింది.

## అమ్మాలనుకున్నప్పుడు

విలువ పెరుగుతుందని పెట్టుబడిగా కొనొచ్చా?

అరుదైన 45 రకం మార్టిన్లు, ఓఎమ్‌లు బాగా పెరిగాయి. మామూలు 0-17, ఎల్-00ల మీద రిపేర్లు, కమిషను పోగా మిగిలేది స్వల్పం. పెట్టుబడి కావాలంటే స్థలం కొనండి.

మార్చేసిన పాత భాగాలు పారెయ్యొచ్చా?

పారెయ్యొద్దు. తీసిన కీలు, అరిగిన శాడిల్, పీకేసిన ఫ్రెట్లు, పగిలిన బ్రిడ్జి పిన్నులు అన్నీ ఒక జిప్ కవర్లో వేసి, పక్కనే రిపేరు బిల్లులు పెట్టి కేసు అరలో ఉంచండి. కొనేవాడు బేరం మొదలుపెట్టేది ఆ కవరు చూశాకే.